అమెరికా వెళ్తూ దారిలో కాలువ పడవ: అరవై దాటిన ఇద్దరం నడపగలమా?

ప్రశ్న (రాజమండ్రి నుంచి)

అందరికీ నమస్కారం. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. నాకు 67 ఏళ్లు, మా ఆవిడకు 62. వచ్చే మే నెలలో డాలస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లి అయిదు నెలలు ఉండాలనుకుంటున్నాం. తిరిగి వచ్చేటప్పుడు లండన్‌లో దిగి, వేల్స్ సరిహద్దులో ఉన్న లంగోలెన్ కాలువలో వారం రోజులు పడవ అద్దెకు తీసుకుని మేమే నడుపుకుంటూ తిరగాలని నా కోరిక.

ఈ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తే గాని మీకు విషయం అర్థం కాదు. నా చిన్నతనమంతా ధవళేశ్వరం లాకుల (కాలువలో పడవను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల గదులు) పక్కనే గడిచింది. ధాన్యం పడవ లాకులోకి రావడం, అది గోడకు కొట్టుకోకుండా సరంగు గెడ వేసి ఆపడం, లాకు పనిచూసే లస్కరు తూము ఎత్తగానే నీళ్లు నురగలు కక్కుతూ లోపలికి దూకడం, చూస్తూ ఉండగానే పడవ మా కళ్లెదుటికి లేచి రావడం ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టే ఉన్నాయి. 1852లో ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర కాలువలను పొలాలకు నీళ్లివ్వడానికే కాకుండా పడవలు తిరగడానికి కూడా వీలుగా తవ్వించాడు. ఇప్పుడు మన దగ్గర లాకులు మిగిలాయి గాని వాటిలోంచి వెళ్లే పడవలు మిగలలేదు. పడవ లోపల ఉండగా లాకు నిండడం మళ్లీ ఒక్కసారి చూడాలని ఉంది.

నాకు కుడి మోకాలు నొప్పి, మా ఆవిడకు రక్తపోటు ఉన్నాయి. ఇద్దరం శాకాహారులం. పడవ నడిపిన అనుభవం ఇద్దరికీ లేదు. ఇది మా వల్ల అయ్యే పనేనా, వీసా ఎప్పుడు తీసుకోవాలి, తిండి సంగతేమిటి అన్నవి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (బర్మింగ్‌హామ్ నుంచి)

నమస్కారమండీ. మీ వల్ల తప్పకుండా అవుతుంది. అయితే మీరు వేసుకున్న ప్రయాణపు వరసను తిరగేయమని నా సలహా. యూకే విజిటర్ వీసాకు అక్కడికి ప్రయాణమయ్యే తేదీకి మూడు నెలల ముందు నుంచి మాత్రమే దరఖాస్తు చేసుకోనిస్తారు. అయిదు నెలలు డాలస్‌లో ఉండి తర్వాత ఇక్కడికి రావాలంటే ఇండియాలో ఉండగా ఆ పని కుదరదు, ఆ తిప్పలన్నీ అమెరికాలో పడాల్సి వస్తుంది. ముందు ఇక్కడికి వస్తే హైదరాబాద్‌లోనే వేలిముద్రలిచ్చి వీసా చేతిలో పెట్టుకుని బయల్దేరవచ్చు, లండన్ నుంచి డాలస్‌కు నేరుగా విమానాలున్నాయి. పైగా మే చివర్లో ఇక్కడ రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటుంది, మీరు తిరిగి వెళ్లే అక్టోబరులో చీకటి తొందరగా పడుతుంది. అద్దె పడవలను చీకట్లో నడపనివ్వరు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

విమానం దిగిన రోజే పడవ ఎక్కకండి. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చే విమానమే పది గంటల పైచిలుకు పడుతుంది. పడవను సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు గంటల తర్వాత అప్పగిస్తారు, అప్పుడు వాళ్లు చెప్పే పాఠం నిద్రమత్తులో వింటే ఒక్క ముక్కా బుర్రకెక్కదు. కనీసం రెండు రాత్రులు లండన్‌లోనో మా ఊళ్లోనో విశ్రాంతి తీసుకుని, బర్మింగ్‌హామ్ నుంచి ష్రూస్‌బరీ మీదుగా వెళ్లే రైల్లో చర్క్ స్టేషన్‌లో దిగండి. అక్కడి పడవల రేవు టాక్సీలో కొద్ది నిమిషాల దూరం. అబ్బాయికి తీసుకెళ్లే పెద్ద సూట్‌కేసులను మాత్రం లండన్‌లోనే భద్రపరచుకోండి. పడవ వెడల్పు మొత్తం ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ, అందులో మీ ఆవకాయ జాడీల పెట్టెలు పెడితే మీరు గట్టు మీద పడుకోవాలి.

చర్క్ నుంచే పడవ తీసుకోమనడానికి నాకు ఒక కారణముంది. లంగోలెన్ కాలువ పొడవు 46 మైళ్లు, దాని మీద 21 లాకులు ఉన్నాయి, కాని చర్క్ నుంచి లంగోలెన్ ఊరికి వెళ్లే దారిలో ఒక్క లాకూ లేదు. దారిలో ఒక చిన్న సొరంగం, చేత్తో ఎత్తే ఒక వంతెన, ఆ తర్వాత పాంట్‌కిసల్టే అక్విడక్ట్ వస్తాయి. 1805లో టెల్ఫోర్డ్, జెసప్ అనే ఇద్దరు ఇంజనీర్లు డీ నది లోయ మీదుగా 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల పొడవున, రాతి స్తంభాల మీద పోత ఇనుపతొట్టి కట్టి అందులోంచి కాలువను పారించారు. 2009 నుంచి అది ప్రపంచ వారసత్వ కట్టడం. ఒక పగటిలో తీరుబడిగా లంగోలెన్ చేరవచ్చు. చేతులు అలవాటయ్యాక వెనక్కి వచ్చి, చర్క్ దాటి దక్షిణంగా వెళ్తే న్యూ మార్టన్ దగ్గర రెండే రెండు లాకులు వస్తాయి. మీ కోరికకు ఆ రెండూ చాలు.

లాకుల గురించి మీకు నేను చెప్పేదేముంటుంది గాని, రెండు తేడాలు గుర్తుంచుకోండి. ఇక్కడ లస్కరు ఉండడు, లస్కరు మీరే. తూము ఎత్తే ఇనుప పిడి పడవతో పాటు ఇస్తారు. తలుపు దూలానికి వీపు ఆనించి కాళ్లతో తన్నిపెట్టి నెమ్మదిగా తోయాలి. రెండు వైపులా నీరు సమం కానిదే అది కదలదు, సమమయ్యాక పెద్ద బలం అక్కర్లేదు. రెండోది ప్రాణాపాయమైన విషయం. కిందికి దిగేటప్పుడు ఎగువ తలుపుల దగ్గర నీటి అడుగున రాతి గడప ఒకటి ఉంటుంది. పడవ వెనక భాగం దాని మీద ఉండిపోతే, నీరు తగ్గేకొద్దీ ముందు భాగం దిగి, వెనక భాగం గడప మీద వేలాడి పడవ మునుగుతుంది. గడప ఎక్కడి దాకా ఉందో లాకు గట్టున తెల్లగీత గీసి ఉంటుంది. చుక్కాని పట్టినవారు పడవ వెనక భాగం ఆ గీతను దాటి ముందుకు ఉండేలా చూడాలి, వారి చూపు అక్కడి నుంచి మరలకూడదు.

మీ శాఖవారు కాబట్టి ఒక మాట. ఇంగ్లండులోని చాలా కాలువల్లో నీరు నిలకడగా ఉంటుంది, ఇది మాత్రం మన కాలువలాగే పారుతుంది. లంగోలెన్ ఎగువన డీ నదికి కట్టిన ఆనకట్ట నుంచి నీరు దిగువన ఉన్న జలాశయం దాకా వెళ్తుంది. 1944లో పార్లమెంటు చట్టం చేసి ఇందులో పడవల రాకపోకలను రద్దు చేసినా, ఈ నీటి అవసరం వల్లనే కాలువను పూడ్చకుండా వదిలేశారు.

జవాబు 2 (విజయవాడ నుంచి)

అన్నయ్యగారికి నమస్కారం. రెండేళ్ల క్రితం మా అమ్మాయి దగ్గరికి మాంచెస్టర్ వెళ్లినప్పుడు మేమిద్దరం ఇదే కాలువలో నాలుగు రాత్రులు గడిపాం. పైన చెప్పినవన్నీ సరైనవే. మగవాళ్లు చెప్పనివి కొన్ని వదినగారి కోసం రాస్తున్నాను.

వంటకు గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్జు ఉంటాయి. కరెంటు కుక్కరు, మిక్సీ తీసుకెళ్లకండి, పడవ బ్యాటరీలు వాటిని మోయలేవు. రెండు లీటర్ల ప్రెషర్ కుక్కరు, బియ్యం, కందిపప్పు, పొడులు ఉంటే రోజులు సుఖంగా గడిచిపోతాయి. నెయ్యి, పాలకోవా మాత్రం ఇక్కడి నుంచి తీసుకెళ్లకూడదు, పాల పదార్థాలను ఆ దేశంలోకి రానివ్వరు. నెయ్యి అక్కడే కొనుక్కోవచ్చు. మొదటి రోజు నేను పప్పులోకి ఎండుమిరపకాయల తాలింపు వేసేసరికి పొగ అలారం మోగి, పక్కన కట్టేసి ఉన్న పడవలోని పెద్దాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. తర్వాత నుంచి తలుపు, కిటికీ తీసి పెట్టుకుని తాలింపు వేశాను.

నీళ్లు ట్యాంకులో ఉన్నంతవరకే. నేను శనివారం తలంటు పోసుకోవడం మొదలుపెట్టి, షాంపూ నెత్తి మీద ఉండగానే ట్యాంకు ఖాళీ చేశాను. గట్టు మీద అక్కడక్కడ కొళాయిలుంటాయి, కనిపించినప్పుడల్లా గొట్టం పెట్టి నింపుకోండి. మరుగుదొడ్డి ఏ రకమో పడవ తీసుకునేటప్పుడే అడగండి. ఒక రకంలో డబ్బాను మనమే బయటికి మోసుకెళ్లి ఒంపాలి, ఇంకో రకంలో రేవు దగ్గర యంత్రంతో లాగేస్తారు. రెండోది ఉన్న పడవే తీసుకోండి, చెంబు ఒకటి వెంట పెట్టుకోండి.

చీర వద్దు. లాకు దగ్గర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి, వాన పడితే పడవ అంచు జారుతుంది. సల్వార్, జారని బూట్లు వేసుకోమనండి.

మా వారు మొదటి లాకు దగ్గరే ఇనుప పిడిని తూము ఇరుసుకు తగిలించి వదిలేశారు. అది గిర్రున తిరిగి నీళ్లలో పడింది. వెనకే వచ్చిన పడవవాళ్లు తాడుకు అయస్కాంతం కట్టి, మూడోసారి వేసేసరికి దాన్ని పైకి లాగారు. ఆ తిరిగే పిడి మనిషికి తగిలితే చెయ్యి విరిగేది. రెండో పిడి ముందే అడిగి తీసుకోండి.

జవాబు 3 (హైదరాబాద్ నుంచి)

ప్రయాణ బీమా విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. బ్రిటన్‌లో ఎమర్జెన్సీ విభాగంలో చేసే చికిత్సకు డబ్బు తీసుకోరు గాని, వార్డులో చేర్చుకుంటే సందర్శకుల దగ్గర మామూలు ఖరీదుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. అమెరికా సంగతి చెప్పనక్కర్లేదు. రెండు దేశాలకూ వర్తించే పాలసీ ఒకటి తీసుకుని, అందులో అమ్మగారి రక్తపోటును, మీ మోకాలిని దాచకుండా రాయించండి. దాస్తే అవసరం పడినప్పుడు డబ్బు ఇవ్వరు. పడవ నడుపుతూ పొరపాటు జరిగితే ఆ పాలసీ ఒప్పుకుంటుందో లేదో కూడా చదివి చూడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వరస మార్చమన్న సలహా నాకు తట్టనే లేదు, అబ్బాయితో మాట్లాడి ముందు లండన్ వెళ్లేలా తేదీలు మార్చుకున్నాం. ఇంకో సందేహం. ఆ ఇనుపతొట్టి ఫోటోలు చూసి మా ఆవిడ భయపడుతోంది. పడవకు ఒక పక్క కమ్మీలున్నాయి, రెండో పక్క ఏమీ కనిపించడం లేదు. నిజమేనా?

జవాబు 1 (బర్మింగ్‌హామ్ నుంచి)

నిజమేనండీ. కమ్మీలున్న పక్క నడకదారి ఉంటుంది, రెండో పక్క తొట్టి అంచు తప్ప ఏమీ లేదు, కిందికి చూస్తే లోయే. కాని పడవ ఆ తొట్టిలోంచి బయటికి పోయే వీలు లేదు, నడిచే మనిషి కంటే నెమ్మదిగా వెళ్తుంది. అమ్మగారు లోపల కూర్చుని నడకదారి వైపు కిటికీలోంచి చూడవచ్చు, లేదా ముందే దిగి కమ్మీ పక్కన నడిచి అవతల ఎక్కవచ్చు. మా అమ్మ అలాగే నడిచి, మాకంటే ముందు చేరింది.

లంగోలెన్‌లో దిగాక రేవు దగ్గరికి వెళ్లండి. ఊరు దాటాక ఎగువకు ఇంజను పడవలను వెళ్లనివ్వరు, గట్టు మీద గుర్రం తాడు కట్టుకుని యాత్రికుల పడవను లాగుతుంది. గోదావరి కాలువల మీద మనుషులే తాడు లాగేవారని మా తాతగారు చెప్పేవారు, మీరు చూసే ఉంటారు.

ప్రశ్న అడిగినవారు

చూశానండీ, గట్టు వెంట తాడు భుజానికి వేసుకుని ముందుకు వంగి నడిచేవారు. వారం వద్దనుకుని చర్క్ నుంచి నాలుగు రాత్రులకే అడుగుతున్నాం. నా మోకాలు సంగతి తనకు తెలుసని, అయినా న్యూ మార్టన్ దగ్గర చుక్కాని, తెల్లగీత తాను చూసుకుంటానని, లస్కరు పని మాత్రం నాకే వదిలేస్తానని మా ఆవిడ అప్పుడే చెప్పేసింది.