ఉగాండా ఆసుపత్రికి చందా: ఇవ్వాలా, వద్దా?

గోదారిగట్టు:
మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఒక చర్చికి వెళ్తాడు. ఉగాండాలో ఏదో పల్లె ఆసుపత్రికీ, దాని పక్కనున్న బడికీ అక్కడ చందాలు పోగు చేస్తున్నారట. "అన్నయ్యా, ఒక ఐదు వేలు రాయి" అన్నాడు. నేను శనివారం వెంకన్న గుడికి వెళ్ళే మనిషిని. రోగానికి మతం లేదని తెలుసు. కానీ నా డబ్బు మందులకు పోతుందా, మతం మార్పించడానికి పోతుందా అని మనసులో పీకుతోంది. తెలిసినవాళ్ళు చెప్పండి. మన దగ్గరి మతమార్పిడి గొడవ మాత్రం ఇక్కడికి లాక్కురావద్దు, దండం పెడతా.

నిక్కచ్చి:
ఇవ్వకండి. ఆఫ్రికాలో మిషన్ ఆసుపత్రి అంటే మొదటినుంచీ గాలానికి గుచ్చిన ఎరే. అందరూ దేవుడిలా చెప్పుకునే ఆల్బర్ట్ ష్వైట్జర్‌నే చూడండి. 1913లో గాబన్‌లోని లాంబరెనేకి వెళ్ళి ఆసుపత్రి పెట్టాడు. 1952 నోబెల్ శాంతి బహుమతి ఆయనదే. అక్కడివాళ్ళ గురించి ఆయన రాసిందేమిటి? నేను మీ తోబుట్టువునే, కాకపోతే అన్నని అని! సేవ చేస్తూ కూడా ఆ పెద్దరికం వదల్లేదు.

తెల్లకోటు:
తెలుగులో అన్నో తమ్ముడో అనక తప్పదు కాబట్టి ఆ లెక్కన మనమంతా దోషులమే :) సరదాకన్నాను, ష్వైట్జర్ మీద మీ మాట ఒప్పుకుంటాను. కానీ అడిగింది ఉగాండా గురించి కదా. ఉత్తరాన గులు ఊరి దగ్గర లాకోర్ ఆసుపత్రి ఉంది. 1959లో కొంబోని అనే క్యాథలిక్ సంఘం మిషనరీలు మొదలుపెట్టారు. 1961లో ఇటలీ నుంచి పియెరో కోర్తి, కెనడా నుంచి సర్జన్ లూసీల్ టీస్‌డేల్ వచ్చారు. అక్కడే పెళ్ళి చేసుకున్నారు. యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు ఆపరేషన్లు చేస్తూ చెయ్యి తెగి ఆవిడకు హెచ్‌ఐవీ సోకింది. అయినా పని మానలేదు, 1996లో పోయారు.

అసలు చెప్పాల్సింది మాథ్యూ లుక్వియా గురించి. అదే ప్రాంతం పిల్లాడు, అక్కడే డాక్టరుగా తయారయ్యాడు. 2000లో జనం రక్తస్రావంతో చనిపోతుంటే కంపాలాలో చదువు మధ్యలో ఆపి వచ్చి, ఇది ఎబోలా అని అనుమానించి విడి వార్డు పెట్టించాడు. ఆ విడతలో ఉగాండాలో 425 మందికి సోకి 224 మంది పోయారు. డిసెంబరు 5న ఆయనా పోయాడు. ఎర వేసేవాడు చచ్చేదాకా చెరువుగట్టునే కూర్చుంటాడా?

నిక్కచ్చి:
త్యాగాన్ని కాదనను. త్యాగం చేసినంత మాత్రాన వైద్యం వచ్చినట్టు కాదు. మీరు ఎబోలా అన్నారు కాబట్టి 1976కు వెళ్దాం. జైర్‌లోని (ఇప్పటి కాంగో) యంబుకు మిషన్ ఆసుపత్రి, 120 పడకలు, డాక్టరు లేడు. బెల్జియం నన్‌లే నర్సులు. రోజుకి ఐదు సిరంజిలు బయటికి తీసేవాళ్ళు. ఒకరికి పొడిచి, గోరువెచ్చని నీళ్ళలో ఆడించి, ఇంకొకరికి పొడిచేవాళ్ళు. 318 మందికి జబ్బు చేసి 280 మంది పోయారు. నన్‌లూ పోయారు, పాపం. జాలి నిండుగా ఉంది, మరగబెట్టిన సిరంజి లేదు.

అది పాత కథ అంటారేమో. మొన్న మొన్న ఉగాండాలోనే, జింజాలో, వైద్యం చదవని ఒక అమెరికన్ అమ్మాయి దేవుడు పిలిచాడని వచ్చి బక్కచిక్కిన పిల్లల కోసం కేంద్రం పెట్టింది. వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. తల్లులు కోర్టుకెక్కారు, చివరికి 2020లో రాజీ అయ్యింది.

తెల్లకోటు:
యంబుకు గురించి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటే చూడండి. రెండూ మిషన్ ఆసుపత్రులే, రెండుచోట్లా వచ్చింది ఎబోలానే. ఒకచోట సూది మొన మీద పాకింది, ఇంకోచోట ఆ ఊరి డాక్టరే పట్టుకున్నాడు. లాకోర్‌లో నర్సుల బడి 1970ల నుంచే ఉంది. ఇప్పుడు నడిపేదీ ఉగాండా వాళ్ళే. గోదారిగట్టు గారూ, వాళ్ళు ఏ దేవుణ్ణి మొక్కుతారన్నది పక్కన పెట్టి, డాక్టరు ఎవరని అడగండి.

జమాఖర్చు:
మలావీలో రెండేళ్ళు ఒక మిషన్ ఆసుపత్రిలో లెక్కలు చూశాను, పేరెందుకులెండి. పొద్దున్నే చిచేవా భాషలో పాట, ప్రార్థన, ఆ తర్వాతే ఓపీ. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఎటూ వినాల్సిందే. కానీ నీ మతమేంటని ఎవర్నీ అడగడం నేను చూడలేదు. అయినా అక్కడ చాలామంది తాతల కాలం నుంచీ క్రైస్తవులే. ఉగాండాలోనూ అంతే. మార్చడానికి ఎవరు మిగిలారండీ?

నాకు బాధనిపించింది ఫీజు. మలావీలో సర్కారు ఆసుపత్రి ఉచితం, మిషన్ ఆసుపత్రిలో డబ్బు కట్టాలి. ఊరికి దగ్గరున్నది మిషన్‌దే. ఇంకో విచిత్రం, అక్కడ స్టాఫ్‌లో ఎక్కువమందికి జీతాలు ప్రభుత్వం ఇస్తుంది, బోర్డు మాత్రం చర్చిది. కాన్పులకూ పసిపిల్లల వైద్యానికీ ఒప్పందం ఉన్నచోట బిల్లు ప్రభుత్వమే కడుతుంది. అది నెలల తరబడి రాకపోతే నాకు టెన్షన్, గేటు దగ్గర తల్లులకు కన్నీళ్ళు.

ఊరిబడి:
ఆసుపత్రి గొడవలో పడి బడిని మరిచిపోయారు. 1929లో కెన్యాలో ఆడపిల్లల సున్తీని మానేస్తామని ఒట్టేస్తేనే మా బడి అని స్కాట్లాండ్ మిషన్ వాళ్ళు పట్టుబట్టారు. ఆ ఆచారం ఘోరమే, నేను సమర్థించను. కానీ బడి గుమ్మం దగ్గర ఒట్టు అడిగేసరికి కికుయు జనానికి రోషం వచ్చింది. పిల్లల్ని తీసుకుపోయి సొంతంగా బడులు కట్టుకున్నారు. ఆ బడుల్ని 1952లో మౌ మౌ తిరుగుబాటు పేరుతో మూయించింది మిషన్ వాళ్ళు కాదు, బ్రిటిష్ ప్రభుత్వం. అదే దక్షిణాఫ్రికాకు వస్తే మండేలా చదివింది మెథడిస్టు మిషన్ బడుల్లో. నల్లవాళ్ళకు కూలి పనికి సరిపడా చదువు చాలని 1953లో చట్టం చేసి ఆ బడుల్ని గుంజుకున్నారు. మిషన్ చదువంటే ఆ తెల్ల ప్రభుత్వానికి ఎంత గుబులో చూడండి.

అన్నట్టు, పంపినవాళ్ళలో మనమూ ఉన్నాం. 1903లో తెలుగు బాప్టిస్టులు చందాలేసుకుని జాన్ రంగయ్యను నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు. అక్కడ కియర్స్‌నీ తేయాకు తోటల్లో మన తెలుగు కూలీలు ఉండేవాళ్ళు.

నిక్కచ్చి:
మలావీ సరస్సు ఒడ్డున యావో ముస్లింలు మిషన్ బడులకు పిల్లల్ని పంపక చదువులో వెనకబడ్డారు. అదీ ఈ లెక్కలో రాయండి.

ఊరిబడి:
రాశాను. నిజమే.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. మావాడికి ఫోన్ చేసి డాక్టరెవరు, జీతమెవరిది, ఫీజెంత అని అడిగాను. వాడు తెల్లమొహం వేసి పాస్టర్ గారిని కనుక్కున్నాడు. డాక్టరు లేడట, ఉగాండా వాడే ఒక క్లినికల్ ఆఫీసర్ ఉన్నాడట.

తెల్లకోటు:
పర్లేదు, అది మూడేళ్ళ డిప్లొమా. పల్లెల్లో ఓపీ చాలావరకు వాళ్ళే చూస్తారు.

గోదారిగట్టు:
హమ్మయ్య. బడి పద్దులో మాత్రం ప్రార్థన హాలు రేకులు కూడా కలిపారు. హాలుకు నేను రాయను, మందులకైతే మూడు వేలు రాస్తానన్నాను. వాడు నవ్వి "సర్లే అన్నయ్యా, ఆ రెండు వేలు నేనేసుకుంటా" అన్నాడు.

నిక్కచ్చి:
రశీదు అడిగారా?

గోదారిగట్టు:
అడిగాను. ఇంకా రాలేదు.