అబార్షన్ అయిన ముక్క ల్యాబ్‌కు పంపలేదు. అది ముత్యాల గర్భమై ఉంటే ఇప్పుడు తెలుస్తుందా?

తంగేడుపూలు:

పోయిన ఏడాది 9వ వారంలో మిస్డ్ అబార్షన్ (పిండం లోపలే ఆగిపోవడం) అయింది, పది నెలలు కావస్తోంది. అప్పటి స్కాన్ రిపోర్టులో ఉన్నది ఇదీ: సంచి 6 వారాల సైజు, పిండం కనబడలేదు, ప్లాసెంటాలో అక్కడక్కడా చిన్న నీటి ఖాళీలు. బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోను) 41,000. టాబ్లెట్లు ఇచ్చి ఇంటికి పంపారు, రెండు రోజుల్లో పడిపోయింది. రెండు వారాలకు స్కాన్ చేసి గర్భసంచి ఖాళీగా ఉందన్నారు. ముక్క బయాప్సీకి పంపలేదు. హెచ్‌సీజీ కూడా మళ్లీ చూడలేదు. 40వ రోజున నెలసరి వచ్చింది, అప్పట్నుంచి 28–30 రోజులకోసారి సరిగ్గానే వస్తోంది.

ఇప్పుడు మళ్లీ ప్రయత్నిద్దామనుకుంటుంటే ఆ "నీటి ఖాళీలు" అన్న మాట మీదే మనసు ఆగిపోతోంది. అది ముత్యాల గర్భమై (మోల్ అంటారు, పిండం సరిగ్గా ఏర్పడక ప్లాసెంటా నీటి బుడగల్లా పెరిగేది) ఉండి ఎవరూ గుర్తించలేదేమో? ఇన్నాళ్లు లోపల దాక్కుని ఉంటుందా? ఇప్పుడు ఏ టెస్టు చేయిస్తే తేలుతుంది? స్కాన్ సరిపోతుందా, ఎంఆర్ఐ లాంటిది కావాలా?

వార్డు_డైరీ:

ఎంఆర్ఐ వద్దండీ. ఒక్క రక్తపరీక్షతో అయిపోతుంది. అదైనా అవసరం ఉండి కాదు, మీ నిద్ర కోసం.

మోల్ కణజాలం బతికి ఉంటే హెచ్‌సీజీ వదలక మానదు. హెచ్‌సీజీ వదులుతున్నంతకాలం నెలసరి మీకు వస్తున్నంత లెక్కగా రాదు. పూర్తిగా ఆగిపోతుంది, లేదంటే ఎప్పుడు పడితే అప్పుడు మరకలు, ఉన్నట్టుండి ఎక్కువ బ్లీడింగ్. ఎనిమిది నెలలకు పైగా నెలనెలా సక్రమంగా వస్తోందంటే ఆ హార్మోను తగ్గిపోయి చాలాకాలమైనట్టే. మామూలు అబార్షన్ తర్వాత కూడా అది సున్నాకు దిగడానికి రెండు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఎనిమిది కూడా పడుతుంది. మీకు 40వ రోజున నెలసరి రావడం ఆ లెక్కలోకి చక్కగా సరిపోతుంది.

టెస్టు పేరు సీరం బీటా హెచ్‌సీజీ. "క్వాంటిటేటివ్" అని రాయించుకోండి, లేకపోతే కొన్నిచోట్ల పాజిటివ్, నెగటివ్ అని మాత్రమే రాసిస్తారు. పరగడుపున వెళ్లక్కర్లేదు. నెలసరి మొదలైన రెండు మూడు రోజుల్లో ఇవ్వండి. ప్రయత్నంలో ఉన్నవాళ్లు నెల చివర్లో ఇస్తే, కొత్త గర్భం అప్పుడే మొదలై ఉంటే, అంకె పెరిగి లేనిపోని హడావిడి అవుతుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే మూడు రోజుల ముందు ఆపేయండి. కొన్ని మెషీన్లలో బయోటిన్ వల్ల హెచ్‌సీజీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఈ సంగతి ల్యాబ్‌లో ఎవరూ అడగరు, మనమే చెప్పాలి.

5 లోపు వస్తే లోపల ఏమీ మిగల్లేదు. 5కీ 25కీ మధ్య వస్తే కంగారు పడకుండా వారం ఆగి అదే ల్యాబ్‌లో మళ్లీ ఇవ్వండి. వేరే ల్యాబ్‌లో వద్దు, మెషీను మారితే అంకె మారుతుంది. రెండోసారీ అలాగే ఉంటే మూత్రంలో కూడా చూడాలి. కొందరి రక్తంలో ఉండే కొన్ని యాంటీబాడీలు టెస్టును మోసం చేస్తాయి, హెచ్‌సీజీ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. ఆ యాంటీబాడీలు మూత్రంలోకి దిగవు కాబట్టి అక్కడ నెగటివ్ వస్తుంది. ఆ సంగతి చూసుకోకుండా కీమో దాకా వెళ్లిన సందర్భాలు వైద్యంలో నమోదయ్యాయి.

గాజుపలక:

పైన చెప్పింది సరైనదే. ఒక మెలిక మాత్రం విడదీసుకోవాలి. "ఇప్పుడు లోపల ఏమైనా మిగిలిందా" అన్నది ఒక ప్రశ్న. "అప్పుడు పోయింది మోలేనా" అన్నది ఇంకో ప్రశ్న. రక్తపరీక్ష మొదటిదానికే జవాబిస్తుంది. రెండోదానికి ముక్క కావాలి. మీ విషయంలో ముక్క లేదు కాబట్టి ఇప్పుడు ఏ పరీక్షా దానికి పేరు పెట్టలేదు. ఇది ముందే తెలుసుకుంటే ల్యాబుల చుట్టూ తిరగడం తప్పుతుంది.

"నీటి ఖాళీలు" గురించి. పిండం ఆగిపోయాక రెండు మూడు వారాలు లోపలే ఉంటే ప్లాసెంటాలోని విల్లైలు, అంటే వేళ్లలాంటి ఆ సన్నని పోగులు, నీరు పట్టి ఉబ్బుతాయి. దీన్ని హైడ్రోపిక్ మార్పు అంటారు. స్కాన్‌లో ఇదీ, పార్షియల్ మోలూ (ప్లాసెంటాలో కొంత భాగమే ముత్యాల్లా మారేది) ఒకేలా కనబడొచ్చు. 9వ వారంలో మీ సంచి 6 వారాల సైజులో ఉందంటే గర్భం చాలా ముందే ఆగిపోయినట్టు. అలాంటప్పుడు ఈ ఖాళీలు మామూలే. మంచు కురిసినట్టు, ద్రాక్షగుత్తిలా అని పుస్తకాల్లో ఉండేది ముదిరిన కంప్లీట్ మోల్ (అంతా అలా మారేది) బొమ్మ. ఇప్పుడు 7, 8 వారాల్లోనే స్కాన్ చేస్తున్నాం కాబట్టి ఆ బొమ్మ ఏర్పడేలోపే గర్భం బయటికొస్తోంది. పార్షియల్ మోళ్లలో ఎక్కువ భాగం స్కాన్‌లో మామూలు మిస్డ్ అబార్షన్‌లాగే తప్పించుకుంటాయి. మోల్ అని అనుమానించి తీసినవాటిలో కొన్ని స్లైడు మీద మోల్ కాదని తేలుతాయి కూడా.

41,000 అన్న అంకె కూడా ఏ వైపుకీ సాక్ష్యం కాదు. కంప్లీట్ మోల్‌లో తరచుగా లక్ష దాటుతుంది. పార్షియల్‌లో మామూలు గర్భంలో ఉన్నంతే ఉంటుంది.

ముక్క ఉన్నవాళ్లకు ఎలా తేలుస్తారంటే: మైక్రోస్కోపు కింద హైడ్రోపిక్ విల్లై అంచు నున్నగా, గుండ్రంగా, గాలి ఊదిన బుడగలా ఉంటుంది. దాని చుట్టూ ట్రోఫోబ్లాస్ట్ (విల్లైని కప్పే ప్లాసెంటా కణాల) పొర పలచబడిపోయి ఉంటుంది. మోల్‌లో ఆ పొర విల్లై చుట్టూ ఏ వైపు చూసినా దట్టంగా పెరిగి ఉంటుంది. పార్షియల్‌లో అంచు సముద్రతీరం గీసినట్టు వంకరటింకరగా ఉంటుంది, లోపల ఆ పొర ముక్కలు దీవుల్లా చిక్కుకుని కనబడతాయి. అయినా సందేహం ఉంటే పీ57 అనే ప్రొటీన్‌ను చూపే స్టెయిన్ (రంగు) వేస్తారు. ఈ ప్రొటీన్ తల్లి వైపు జన్యువు నుంచే వస్తుంది. కంప్లీట్ మోల్‌లో క్రోమోజోములన్నీ తండ్రివే కాబట్టి విల్లై లోపలి కణాల కేంద్రకాలు రంగు పట్టక నీలంగానే మిగిలిపోతాయి. అదే స్లైడులో పక్కనే ఉన్న డెసిడువా, అంటే తల్లి గర్భసంచి పొర, గోధుమరంగు పడుతుంది. ఆ రంగు ఉంటేనే స్టెయిన్ పనిచేసిందని నమ్మకం.

పీ57 పార్షియల్‌ని పట్టదు. అందులో తల్లిది ఒక సెట్టు, తండ్రివి రెండు, మొత్తం 69 క్రోమోజోములు. తల్లి సెట్టు ఉంది కాబట్టి మామూలు అబార్షన్‌లాగే రంగు పడుతుంది. దాన్ని విడదీయాలంటే డీఎన్ఏ జీనోటైపింగ్ (తల్లిది ఎంత, తండ్రిది ఎంత అని చూసే పరీక్ష) కావాలి.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా డీఅండ్‌సీ (గర్భసంచి శుభ్రం చేయడం) అయి ఉంటే, బయాప్సీ రిపోర్టు అర్థం కాకుండా ఉంటే, ఆ ల్యాబ్‌లో పారాఫిన్ బ్లాకు ఉందేమో అడగండి. మైనంలో పోసిన ముక్క అది, ఏళ్ల తరబడి చెడదు. రిపోర్టు మీద ఉన్న బయాప్సీ నంబరు చెబితే బ్లాకు, స్లైడ్లు సంతకం పెట్టించుకుని ఇస్తారు. పీ57, జీనోటైపింగ్ రెండూ ఆ బ్లాకు మీద ఇప్పుడైనా చేయొచ్చు.

ఊరిపెద్ద77:

ముత్యాల గర్భం అయితే ఏడాది దాకా గర్భం వద్దు. వెంటనే ఉంటే క్యాన్సర్ అవుతుందని మా వైపు అందరికీ తెలిసిన సంగతే. తెలియనప్పుడు ఆగడమే మంచిది.

వార్డు_డైరీ:

పెద్దవారు మంచికే చెప్పారు గానీ, ఆ ఏడాది లెక్క ఎక్కడిదో చెప్పాలి. మోల్ ముదిరి జీటీఎన్ (ఆ కణాలు క్యాన్సర్‌లా పెరగడం) అయి, దానికి కీమో ఇచ్చినవాళ్లకు, కీమో ముగిసినప్పటి నుంచి 12 నెలలు ఆగమంటారు. అది మందు కోసం, తిరగబెడుతుందేమో గమనించడం కోసం పెట్టిన గడువు. కీమో లేని మోల్‌కు అంత అక్కర్లేదు. అంతర్జాతీయ గైనకాలజిస్టుల సమాఖ్య ఫిగో 2021లో చెప్పిన ప్రకారం: వారం, రెండు వారాలకోసారి హెచ్‌సీజీ చూస్తూ, నార్మల్‌కు వచ్చాక పార్షియల్‌కు నెల తర్వాత ఇంకొక్క పరీక్ష, కంప్లీట్‌కు నెలకొకటి చొప్పున మూడు నెలలు. మన దగ్గర చాలా ఆస్పత్రుల్లో పాత పద్ధతిలో ఆరు నెలలు చూస్తున్నారు, అందులో తప్పేం లేదు. ఈలోపు గర్భం వద్దనడానికి కారణం కొత్త గర్భం క్యాన్సర్ తెస్తుందని కాదు. కొత్త గర్భం హెచ్‌సీజీని పెంచేస్తుంది, పాతది తిరగబెట్టినా కనిపెట్టలేం. అంతే.

తంగేడుపూలు గారి పది నెలలు కీమో లేని మోల్‌కు పెట్టిన గడువులన్నిటినీ దాటిపోయింది. అది మోలే అయినా సరే.

జీటీఎన్ అని ఎప్పుడంటారో కూడా చెబుతాను, ఎందుకంటే ఒక్క అంకె చూసి భయపడేవాళ్లు చాలామంది. మోల్ తీశాక వారానికొకటి చొప్పున వరుసగా నాలుగు పరీక్షలు పది శాతం అటూ ఇటూగా ఒకేచోట నిలబడితే, లేదా అలాగే వారానికొకటి చొప్పున మూడు వరుసగా పెరుగుతూ పోతే, లేదా ముక్కలోనే కోరియోకార్సినోమా (ప్లాసెంటా కణాల క్యాన్సర్) కనబడితే. కంప్లీట్ మోల్‌లో నూటికి 15–20 మందికి, పార్షియల్‌లో ఒకరి నుంచి ఐదుగురికి ఇలా జరుగుతుంది. ఫిగో స్కోరు (ముప్పు ఎంతో చెప్పే అంకె) 6 దాటకపోతే మెథోట్రెక్సేట్ ఒక్క మందే మొదలుపెడతారు. 1, 3, 5, 7 రోజుల్లో సూది, మధ్య రోజుల్లో ఫోలినిక్ యాసిడ్. కొందరికి మందు మార్చాల్సి వస్తుంది, కానీ ఈ స్కోరు ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ నయమవుతుంది, గర్భసంచి తీయాల్సిన అవసరం మామూలుగా రాదు.

పెద్దవారి భయంలో నిజమున్న చోటు ఒకటుంది: అబార్షన్ గానీ కాన్పు గానీ అయ్యాక బ్లీడింగ్ 8 వారాలు దాటినా ఆగకపోతే ముందు ప్రెగ్నెన్సీ టెస్టు చేయాలి. ఐరన్ మాత్రలు, బ్లీడింగ్ ఆగే మాత్రలు రాసి పంపడం కాదు. దానికి తోడు దగ్గులో రక్తం, ఆయాసం, తగ్గని తలనొప్పి ఉంటే ఆ రోజే వెళ్లాలి. స్కాన్ చేయించుకోకుండా మెడికల్ షాపులో ఎంటీపీ కిట్ (అబార్షన్ మాత్రలు) కొనుక్కుని వేసుకునేవాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం. వాళ్లకు లోపల ఏముందో చూసినవాళ్లే ఉండరు.

తంగేడుపూలు:

నిన్న నెలసరి మూడో రోజున ఇచ్చాను. రిపోర్టులో "1.2 కంటే తక్కువ" అని ఉంది. అంటే ఇది అయిపోయినట్టేనా? ఇక ముందు గర్భం వస్తే ఏం చూసుకోవాలి? దేవుడి దయవల్ల అలా జరగకూడదు గానీ, మళ్లీ పోతే ఈసారి ముక్కను ఎలా పంపాలి?

గాజుపలక:

అయిపోయినట్టే. ఆ మెషీను కొలవగలిగిన కనీసం కంటే తక్కువ ఉందని దాని అర్థం.

రుజువైన మోల్ ఒకసారి వచ్చినవాళ్లకు కూడా మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి, అటూ ఇటూ. మీది మోల్ అన్న రుజువే లేదు. నెల తప్పాక 6–7 వారాల్లో ఒక స్కాన్, పిండం గుండె కొట్టుకోవడం కనబడితే ఆ తర్వాత 11–13 వారాల ఎన్‌టీ స్కాన్ (పిండం మెడ వెనక నీటిని కొలిచేది). ఇవి అందరికీ చేసేవే. రోజు విడిచి రోజు హెచ్‌సీజీ ఇస్తూ కూర్చోవద్దు. 8–11 వారాల మధ్య మంచి గర్భంలోనూ అది లక్ష దాటగలదు, అప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తారు.

ముక్క విషయం. ముందే రెండు డబ్బాలు కావాలి, ఎందుకంటే ఒకదానికి పనికొచ్చేది ఇంకోదాన్ని పాడుచేస్తుంది. బయాప్సీకి 10 శాతం ఫార్మలిన్, ముక్క కంటే పది రెట్లు పోయాలి, ముక్క అందులో మునిగి తేలాలి. డబ్బా నిండా ముక్క కుక్కి పైన రెండు చెంచాలు పోస్తే లోపలిది కుళ్లిపోతుంది. క్రోమోజోముల పరీక్షకు స్టెరైల్ సెలైన్ లేదా ల్యాబ్ వాళ్లిచ్చే మీడియా (కణాలు బతికుండే ద్రవం). ఇందులో ఫార్మలిన్ చుక్క పడినా కణాలు చచ్చిపోతాయి, కల్చర్ పెరగదు. సెలైన్‌ది అదే రోజు ల్యాబ్‌కు చేరాలి. ఆలస్యమైతే మామూలు ఫ్రిజ్‌లో పెట్టాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు.

ఇంట్లో పడిపోతే శుభ్రమైన మూత ఉన్న డబ్బాలోకి తీసుకుని, ఆస్పత్రికి వెళ్లేదాకా చల్లగా ఉంచండి. రక్తపు గడ్డలు చాలావరకు ఎర్రగా, వేలితో నొక్కితే చితికిపోతాయి. కావలసింది తెల్లగా, దూదిలా ఉండే భాగం. సెలైన్‌లో వేస్తే పోగులు విచ్చుకుంటాయి.

క్రోమోజోముల టెస్టు రాయించేటప్పుడు అది ట్రిప్లాయిడీని (మూడు సెట్ల క్రోమోజోములు ఉండటాన్ని) పట్టగలదా అని అడగండి. మామూలు సీజీహెచ్ అర్రే 69 క్రోమోజోములను దాటేస్తుంది, ఎందుకంటే అన్నీ సమానంగా పెరిగితే దానికి తేడా తెలియదు. ఎస్ఎన్‌పీ అర్రే గానీ క్యూఎఫ్ పీసీఆర్ గానీ పట్టగలవు. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగంలో దీని మీద సలహా తీసుకోవచ్చు.

రక్తం గ్రూపు నెగటివ్ అయితే యాంటీ డీ సూది (తర్వాతి గర్భానికి ముప్పు రాకుండా ఇచ్చేది) సంగతి ఆ రోజే అడగండి. ముక్క రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు, దానికి 72 గంటల గడువు. అబార్షన్ అయిన మూడు వారాలకు ఇంట్లో యూరిన్ కిట్‌తో చూసుకోండి, నెగటివ్ రాకపోతే డాక్టరుకు చెప్పండి.

యూకేలో ఉన్న తెలుగువాళ్లు కూడా చూస్తుంటారు కాబట్టి: అక్కడ మోల్ అని తేలితే గైనిక్ వాళ్లే పేరు నమోదు చేస్తారు. లండన్ చేరింగ్ క్రాస్, షెఫీల్డ్, డండీ, ఈ మూడు కేంద్రాలే హెచ్‌సీజీ చూస్తాయి. నమోదు చేశారో లేదో మాత్రం అడిగి నిర్ధారించుకోండి.

ఇంకొక్కటి, డబ్బా మీద పేరు, తేదీ, ఎన్ని వారాలు అన్నది పక్కన అతికించిన కాగితం మీద రాయాలి, మూత మీద కాదు. ల్యాబ్ బల్ల మీద మూతలన్నీ ఒకేసారి తీస్తారు.