కాలనీ లైబ్రరీలో సినిమా వేస్తే నిండుతోంది, తర్వాత మాట్లాడిద్దామంటే ఎవరూ ఆగడం లేదు. ఏం చేయాలి?

హనుమకొండ లైబ్రరీ వాలంటీర్:
మా కాలనీవాళ్లం చందాలేసుకుని నడుపుకునే చిన్న లైబ్రరీ. కింద రీడింగ్ రూమ్, పైన రేకుల హాలు. నెలకో ఆదివారం సాయంత్రం పైన సినిమా వేసి, అయ్యాక తెలిసినవాళ్లెవరితోనైనా అరగంట మాట్లాడిస్తున్నాం. సినిమాకి జనం బాగానే వస్తున్నారు, కుర్చీలు చాలక పిల్లలు జంపఖానా మీద సర్దుకుంటున్నారు. కానీ తెర మీద పేర్లు పడటం మొదలైందో లేదో, మెట్ల దగ్గర చెప్పుల కోసం తోపులాట. పోయినసారి ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు పాపం కాగితాల నిండా రాసుకుని వచ్చారు, ఆయన మైకు పట్టుకునేసరికి మేం నిర్వాహకులం, వాచ్‌మన్, నిద్రపోయిన ఒక బాబు మిగిలాం. ఆ బాబు వాళ్ల నాన్న కూడా వచ్చి ఎత్తుకెళ్లాడు. ఇంకో రెండు తలనొప్పులున్నాయి: కింద చదువుకునే పిల్లలకు సౌండ్ ఇబ్బంది అంటున్నారు, టికెట్ లేకపోయినా సినిమా వేయాలంటే పర్మిషన్ కావాలని ఒకాయన బెదిరిస్తున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

డీజిల్ కాలనీ, కాజీపేట:
అన్నా, రెండున్నర గంటల సినిమా చూసినోడికి ఆకలేస్తది, ఇంటికి పోక ఏం చేస్తాడు? తప్పు వాళ్లది కాదు. నలభై నిమిషాల డాక్యుమెంటరీ వేయండి, లేదంటే పెద్ద సినిమా ఉన్న రోజు ముందే పది నిమిషాలు మాట్లాడించి వదిలేయండి. చాయ్ మాత్రం ముచ్చటంతా అయ్యాకే పోయండి, ముందే పోస్తే కప్పు చేతిలో పట్టుకుని మెట్లు దిగేస్తారు. ఇంకోటి, మాట్లాడేవాళ్లు లెక్చరర్లే ఎందుకు? మా దగ్గర చేనేత మీద చిన్న ఫిల్మ్ వేసిన రోజు వరంగల్ కొత్తవాడ నుంచి దర్రీలు, అంటే జంపఖానాలు నేసే ఒక పెద్దాయన్ని పిలిచినం. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని సర్కారు ఇచ్చేది) వచ్చింది కదా, దాంతో మీకు కూలి పెరిగిందా అని ఒక పిల్ల అడిగింది. ఆయన నవ్వి, జేబులోంచి రంగు నూలు కండె తీసి ఆ పిల్ల చేతిలో పెట్టి, దీని ధర ఎంత, దర్రీ ధర ఎంత, మధ్యలో ఎవరికి ఎంత పోతుందో లెక్క చెప్పడం మొదలుపెట్టిండు. ఒక్కరు లేవలే. కరెంటు పోయినా ఫోన్ లైట్లు పెట్టుకుని కూర్చున్నరు.

నల్లకోటు:
పర్మిషన్ సంగతి నేను చెప్తా. టికెట్ లేకపోతే ఏమీ కాదనేది చాలామంది అనుకునేదే, కానీ కాపీరైట్ చట్టంలో (1957) అలా లేదు. ఫ్రీగా వేసుకునే అమెచ్యూర్ క్లబ్బులకు ఇచ్చిన వెసులుబాటు సాహిత్యానికి, నాటకాలకు, సంగీతానికే. సినిమా విషయంలో మినహాయింపు ఉన్నది విద్యాసంస్థలకు, అదీ చూసేవాళ్లు స్టాఫ్, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు లాంటివాళ్లైతేనే. కాలనీ లైబ్రరీ అందులోకి రాదు. ఓటీటీ అకౌంట్ మీ ఇంట్లో చూసుకోవడానికే, హాల్లో పదిమందికి వేయడానికి కాదు. సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది, కాబట్టి 1957 నాటి మాయాబజార్‌కి 2017తోనే గడువు తీరింది. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. మాటలు, పాటలు రాసినవాళ్ల హక్కు వాళ్లు పోయాక 60 ఏళ్లు నడుస్తుంది, మాయాబజార్‌కి మాటలు, పాటలు రాసిన పింగళి గారు పోయింది 1971లో. ఎవరూ వచ్చి పట్టుకోకపోవచ్చు, అది వేరే మాట. అసలు తేలికైన దారి డాక్యుమెంటరీలు తీసినవాళ్లకే ఒక మెయిల్ పెట్టడం, వాళ్ల పని నలుగురూ చూడాలనే వాళ్లకీ ఉంటుంది, చాలామంది సరే అంటారు. ఆ జవాబు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. పబ్లిక్‌గా వేసేదానికి సెన్సార్ సర్టిఫికెట్ ఉందో లేదో కూడా అడగండి. ఫిల్మ్ సొసైటీల (కలిసి సినిమాలు చూసి మాట్లాడుకునే సంఘాల) ఫెడరేషన్ ఒకటుంది, 1959లో సత్యజిత్ రే మొదటి అధ్యక్షుడిగా మొదలైంది, వాళ్లనీ అడిగి చూడండి.

గ్రూప్స్ ప్రిపరేషన్:
కింద కూర్చుని చదివే బ్యాచ్ నుంచి ఒక మాట. నేను మీ లైబ్రరీ కాదు, కానీ కథ అన్నిచోట్లా ఒకటే. రూమ్‌లో నలుగురం ఉంటాం, అక్కడ చదువు సాగదు, రీడింగ్ రూమే దిక్కు. పొద్దున ఏడింటికి వచ్చి సీటు మీద పుస్తకం పెట్టి పట్టుకుంటాం. పరీక్ష దగ్గర పడ్డప్పుడు పైన ఈలలు, చప్పట్లు వినిపిస్తే ఎంత టెన్షనో మీకు తెలియదు. లైబ్రరీ అంటే చదువుకునే చోటు, సినిమాకి బయట థియేటర్లు లేవా? సరే, వేయండి, కానీ నోటిఫికేషన్ వచ్చి పరీక్ష తేదీ పడ్డాక ఆ నెలా రెండు నెలలు ఆపండి.

పాత పాఠకుడు, మట్టెవాడ:
తమ్ముడూ, నీ ఇబ్బంది నిజమే, ఆ నెల ఆపాల్సిందే. కానీ లైబ్రరీ అంటే చదువుకునే చోటే అంటే నేను ఒప్పుకోను. మన హనుమకొండలోనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో పెట్టారు. నిజాం పాలనలో తెలుగు బడి దొరకడమే కష్టం, బయట సభ పెడితే అనుమానంగా చూసే కాలం, అప్పుడు మనవాళ్లు నలుగురు కలుసుకుని మాట్లాడుకున్నది గ్రంథాలయాల్లోనే. ఉపన్యాసం అక్కడ అదనపు సరుకు కాదు. సినిమాతో మాట కలపడానికి మన జిల్లాల్లోనే కావలసినంత ఉంది. 1979లో తీసిన మా భూమి సినిమా తెలంగాణ రైతాంగ పోరాటం మీదే కదా, ఆ పోరాటంలో దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న తూటాకు బలైన కడవెండి మనకెంత దూరం? హక్కులవాళ్లను అడిగి అది వేసి, జనగామ వైపు నుంచి ఆ రోజులు ఇళ్లలో విన్నవాళ్లను ఒకరిని పిలవండి. కాగితాలు చూసి చదవొద్దని మాత్రం ముందే చెప్పండి.

సౌండ్ బాక్స్:
అందరూ పెద్ద మాటలు చెప్పారు, నేను బాక్సుల గురించి. రేకుల హాల్లో సౌండ్ తిరగబడి వస్తుంది, డైలాగ్ అర్థం కాక మీరు వాల్యూమ్ పెంచుతారు, కింద చదివేవాళ్లు తిడతారు. బాక్సులు నేల మీద పెట్టకండి, స్లాబ్ అదిరి కిందికి వినిపించేది అందుకే. స్టాండ్ మీదికెత్తండి, కింద మందపాటి రబ్బరు ముక్క వేయండి. వెనక గోడకి దుప్పట్లు, పాత జంపఖానాలు కట్టండి, మాట తేటగా వినిపిస్తుంది, వాల్యూమ్ సగానికి దించొచ్చు. ప్రొజెక్టర్ వెలుగు 3000 ల్యూమెన్స్ ఉంటే చాలు, కానీ ఎండాకాలం ఆరున్నరకి కూడా వెలుతురుంటుంది, ఏడు దాటాక మొదలుపెట్టండి. ప్రొజెక్టర్‌కి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్ రెండోది దగ్గర ఉంచుకోండి.

హనుమకొండ లైబ్రరీ వాలంటీర్:
అందరికీ థాంక్స్. పరీక్షల నెలల్లో ఆపేస్తాం, ఈ మాట రేపే నోటీసు బోర్డు మీద రాస్తాం. ఈసారి చిన్న డాక్యుమెంటరీయే, మెయిల్ ఈ రాత్రే పెడతా. డీజిల్ కాలనీ అన్నా, ఆ కొత్తవాడ పెద్దాయన మా దగ్గరికి వస్తారా? ఆటో ఖర్చు మేం పెట్టుకుంటాం.

డీజిల్ కాలనీ, కాజీపేట:
వస్తడు, అడుగుతా. ఆదివారం కాకుండా చూడు, ఆ రోజు మనవరాలిని చూడ్డానికి పర్కాల పోతడు.