రూట్ కెనాల్ చేసిన పన్నును మళ్లీ తెరిపించాలా, పీకించాలా?

మాది మిర్యాలగూడ. 2019లో కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకున్నాను. ఐదేళ్లు దాని ఊసే లేదు. ఇప్పుడు జొన్నరొట్టె నమిలితే సలుపు, చిగురు మీద చీముపొక్కు. ఎక్స్‌రేలో వేరు కొసన నల్లటి మచ్చ కనిపించింది. నల్లగొండ డాక్టరు, వేరు లోపల నరం ఉండే సన్నని కాలువల్లో ఒకటి శుభ్రం కాకుండా మిగిలి ఉండవచ్చని, క్యాప్ తీసి మళ్లీ చేద్దామని అంటున్నారు. మరొకరేమో పీకించి ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టించుకోమన్నారు. ఫ్లోరైడ్ నీళ్లకు గారపట్టినవే అయినా నా పళ్లు నాకు ముద్దు! వేరు చీలి ఉంటే రెండోసారి చేసినా వృథా అని విన్నాను. ముందుగా సీబీసీటీ స్కాన్ (పన్నును, దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే) తీయించాలా? హైదరాబాదులో రూట్ కెనాల్ నిపుణుడికే చూపించాలా? రెండోసారి చేయించుకున్నవారికి పన్ను ఎన్నాళ్లు నిలిచింది? దయచేసి చెప్పండి.