పియానో రోల్‌లో మోహన రాగం: జారు పలకడం లేదు, తాళం గ్రిడ్‌లో కుదరడం లేదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. కర్ణాటక సంగీతం కొంత నేర్చుకున్నాను గాని కీబోర్డు వాయించే అలవాటు లేదు. అందుకని కంప్యూటర్‌లో సంగీతం కూర్చే ఎఫ్‌ఎల్ స్టూడియోలో పియానో రోల్ (నోట్లను గళ్ల మీద పరిచే తెర) తెరిచి, మౌసుతోనే నోట్లు పెడుతున్నాను. సి ని షడ్జమంగా పెట్టుకుని, మోహనంలో మిశ్రచాపు తాళానికి ఒక చిన్న స్వరరచన చేశాను. బయట కొన్న వయొలిన్ ప్లగిన్‌తో (ఎఫ్‌ఎల్‌కు తగిలించే వాయిద్యం సాఫ్ట్‌వేర్) వింటే స్వరస్థానాలన్నీ సరిగానే ఉన్నాయి, కాని పాత సెల్‌ఫోను రింగ్‌టోను మోగినట్టు ఉంది. గాంధారం నుంచి పంచమానికి జారు (తెగకుండా జారుతూ వెళ్లడం) కోసం స్లయిడ్ నోట్, అంటే స్వరాన్ని జార్చే నోటు, పెడితే ఆ ప్లగిన్ దాన్ని అసలు పట్టించుకోవడం లేదు. పైగా రెండో ఆవర్తనం (తాళం ఒక చుట్టు) నుంచి గ్రిడ్ గీతలు ఒక చోట, నా తాళం ఇంకో చోట నడుస్తున్నాయి. దేన్ని ముందు సరిచేసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు 1

ముందు తాళం సంగతి చూడండి, అది తేలిక. కొత్త ప్రాజెక్టు 4/4 లో, అంటే చుట్టుకు నాలుగు దెబ్బలతో, తెరుచుకుంటుంది కనుక మిశ్రచాపు ఏడు అక్షరాల ఆవర్తనం అందులో ఇమడదు. ప్రాజెక్టు సెట్టింగుల్లో 7/8 పెట్టండి. మూడు, నాలుగుగా విరిగే నడక మాత్రం గ్రిడ్‌కు తెలియదు, దాన్ని మీరే వెలాసిటీతో (నోటును ఎంత గట్టిగా వాయించాలో చెప్పే విలువ) చూపించాలి.

రింగ్‌టోను వాసనకు సగం కారణం కూడా ఆ వెలాసిటీయే. మిడిలో (వాయిద్యాలకూ కంప్యూటర్‌కూ మధ్య నోట్ల సమాచారం పంపే ప్రమాణం) అది 127 వరకు ఉంటుంది; మౌసుతో పెట్టిన నోట్లన్నీ మీరు మార్చేదాకా ఒకే విలువతో, అంటే 100 తో, కూర్చుంటాయి. మంచి వయొలిన్ ప్లగిన్లలో అది శబ్దం హెచ్చుతగ్గులతో ఆగదు, మెల్లగా వాయించిన రికార్డింగు పలకాలా, గట్టిగా వాయించినది పలకాలా అన్నది కూడా అదే నిర్ణయిస్తుంది. ఆల్ట్ పట్టుకుని నోటు మీద మౌసు చక్రం తిప్పితే విలువ మారుతుంది. ఆల్ట్ పట్టుకునే నోటును జరిపితే స్నాప్ (నోటును గీతకు అతికించే ఏర్పాటు) పనిచేయదు కనుక, కొన్ని నోట్లను గీతకు వెంట్రుకవాసి వెనక్కి నెట్టవచ్చు.

జవాబు 2

స్లయిడ్ నోట్లు ఎఫ్‌ఎల్ సొంత వాయిద్యాలకే పనిచేస్తాయి, బయటి వీఎస్‌టీలకు, అంటే మీ వయొలిన్ లాంటి ప్లగిన్లకు, అందవు. మీకు కావలసింది పిచ్ బెండ్, అంటే మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ వంచడం. పియానో రోల్ కింది పట్టీలో ఛానెల్ పిచ్‌ను (ఆ వాయిద్యం మొత్తం శ్రుతి) ఎంచుకుని వంపు అక్కడ గీయాలి.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. పిచ్ బెండ్ పరిధి మామూలుగా అటూ ఇటూ రెండు సెమీటోన్లే (సెమీటోన్ అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం). మీ గాంధారం ఈ (E), పంచమం జీ (G), మధ్య దూరం మూడు సెమీటోన్లు. పూర్తిగా వంచినా మీ జారు ఎఫ్ షార్ప్ దగ్గర, అంటే మోహనంలో లేని ప్రతిమధ్యమం మీద, ఆగిపోతుంది! పరిధిని 12 కు పెంచండి. ఛానెల్‌లోనూ ప్లగిన్‌లోనూ ఒకే అంకె ఉండాలి, లేకపోతే శ్రుతి తప్పుతుంది. అప్పుడు పై సగంలో నాలుగో వంతు వంపుతో పంచమం వస్తుంది. తోడి రాగంలోని గాంధారానికి మాత్రం పాత పరిధే సరిపోతుంది, ఎందుకంటే దానికి కింద శుద్ధ రిషభం, పైన శుద్ధ మధ్యమం సరిగ్గా రెండేసి సెమీటోన్ల దూరంలో ఉంటాయి.

పంచమానికి వేరే నోటు పెట్టకండి. పెడితే విల్లు కొత్తగా తగిలిన చప్పుడు వచ్చి జారు తెగిపోతుంది. గాంధారం నోటునే పొడవుగా సాగదీసి, వంపుతో పైకి తీసుకెళ్లి, తరువాతి నోటు మొదలయ్యే చోట వంపును సున్నాకు దించండి. అది దించకపోతే ఆ తరువాతి స్వరాలన్నీ మూడు సెమీటోన్లు పైన పలుకుతాయి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి, జారు పంచమం దాకా వచ్చింది. కాని అదే వయొలిన్‌లో కింద సాగుతున్న షడ్జమం కూడా దానితోపాటు పైకి వెళుతోంది.

జవాబు 3

వెళ్లక తప్పదు, పిచ్ బెండ్ ఒక్క నోటుకు కాదు, ఆ ఛానెల్ మొత్తానికి వర్తిస్తుంది. కింద సాగే ఆ షడ్జమ శ్రుతిని వేరే ఛానెల్‌లో పెట్టండి. నోటు నోటుకూ విడిగా వంపు ఇచ్చే ఎంపీఈ పద్ధతి 2018 లో మిడి ప్రమాణాల్లో చేరింది గాని, ఒక్క వయొలిన్ గీత కోసం అంత హంగామా అక్కర్లేదు.

పై సలహాలు సరైనవే, కాని వరుస నాకు నచ్చలేదు. వంపును కంటితో చూసి గీస్తే నున్నగా, సమానంగా వస్తుంది. గాయకుల జారు అలా ఉండదు, కింది స్వరం మీద కాస్త నిలిచి, చివర్లో త్వరగా ఎక్కుతుంది. మీరు సంగీతం నేర్చుకున్నవారు కనుక ముందు ఆ సంచారాన్ని (స్వరాల నడకను) ఫోనులో పాడి రికార్డు చేయండి. ఎఫ్‌ఎల్‌లోని న్యూటోన్‌లో (గొంతు స్వరాన్ని చూపి సరిదిద్దే ప్లగిన్) దాన్ని తెరిస్తే మీ గొంతు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ కదిలిందో గీతగా కనిపిస్తుంది. ఆ గీతను పక్కన పెట్టుకుని పిచ్ పట్టీలో వంపు గీయండి. ప్రతి స్వరానికీ గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికే అలంకారం) వేయకండి, ముందు ఆ ఒక్క జారు కుదిరాక మిగతావి చూసుకోవచ్చు.