జిల్లా కోర్టు న్యాయవాది విదేశాల్లో ఎల్‌ఎల్‌ఎం: అర్హత, స్కాలర్‌షిప్, సిఫార్సు లేఖలు

ప్రశ్న (గుంటూరు న్యాయవాది)

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలో, డిగ్రీ తరువాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్‌గా చదివి, నాలుగేళ్లుగా గుంటూరులో ఒక సీనియర్ గారి వద్ద జూనియర్‌గా పనిచేస్తున్నాను. మా ఆఫీసుకు ఎక్కువగా వచ్చేవి భూసేకరణ పరిహారం కేసులు, పార్టిషన్ దావాలు. అమెరికాలో గానీ ఇంగ్లండులో గానీ ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) చేసి, వీలైతే అక్కడే ప్రాక్టీసు చేయాలని ఉంది. స్కాలర్‌షిప్ లేనిదే మా ఇంట్లో ఈ ఖర్చు భరించలేరు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలలో చదివినవారి మధ్య జిల్లా కోర్టు అనుభవానికి విలువ ఉంటుందా? సిఫార్సు లేఖ హైకోర్టులో పేరున్నవారి నుంచి తీసుకోవడం మేలా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (విజయవాడ న్యాయవాది)

నమస్కారమండీ. ఇంగ్లండులో సొలిసిటర్ (అక్కడి న్యాయవాదులలో ఒక వర్గం) కావడానికి ఎల్‌ఎల్‌ఎం అవసరం లేదు. 2021లో వచ్చిన ఎస్‌క్యూఈ (సొలిసిటర్ అర్హత) పరీక్ష రెండు దశలూ ఉత్తీర్ణులు కావాలి, నడవడికకు సంబంధించిన పరిశీలన పూర్తి కావాలి. అందరికీ ఉండే రెండేళ్ల పని అనుభవం నిబంధన, ఇక్కడ ఇప్పటికే న్యాయవాదిగా నమోదైన మీకు వర్తించదు.

న్యూయార్క్‌లో విదేశీ డిగ్రీదారులకు అప్పీల్స్ కోర్టు నియమం 520.6 వర్తిస్తుంది. చదువు ఎంతకాలం సాగింది, అది కామన్ లా (కోర్టు తీర్పులకు ప్రాధాన్యమిచ్చే ఇంగ్లీషు న్యాయపద్ధతి) చదువేనా అన్నవి చూస్తారు. దూరవిద్యలో చదివిన కాలాన్ని లెక్కించరు. లోటున్నవారు అక్కడి గుర్తింపు పొందిన లా స్కూల్లో, నిర్దేశించిన సబ్జెక్టులతో కనీసం 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం చేసి దానిని పూరించుకోవచ్చు. ఫీజు కట్టకముందే అక్కడి బార్ పరీక్షల బోర్డుకు ముందస్తు అర్హత పరిశీలన కోసం దరఖాస్తు పెట్టండి.

జవాబు (న్యాయశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు)

మీ కేసులే మీ బలం, అందులో నాకు సందేహం లేదు. అయితే ‘నాకు భూచట్టాలంటే ఆసక్తి’ అని ఎస్ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే దరఖాస్తు వ్యాసంలో) రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్, మార్కెట్ విలువ కట్టడానికి ఒక కొలమానంగా, ఆ పరిసరాల్లో గడచిన మూడేళ్లలో రిజిస్టరైన క్రయ దస్తావేజులలో ఎక్కువ ధర చూపిన సగం దస్తావేజుల సగటును తీసుకోమంటుంది. దస్తావేజులో రాసిన ధర అసలు ధర కన్నా తక్కువైనచోట రైతుకు ఏమి మిగులుతుందో మీరు కోర్టులో రోజూ చూస్తున్నారు. దానిని ఒక ప్రశ్నగా మలచి, ‘న్యాయమైన పరిహారం’ చెల్లించాలనే అమెరికా రాజ్యాంగ ఐదవ సవరణను, ప్రైవేటు అభివృద్ధి పథకం కోసం కూడా ఇళ్లు, స్థలాలు సేకరించవచ్చన్న అక్కడి సుప్రీంకోర్టు 2005 నాటి కీలో తీర్పును దాని పక్కన పెట్టి, ఆ విశ్వవిద్యాలయంలో ఏ కోర్సు మీకు ఎందుకు కావాలో రాయండి. అటువంటి పేరా మార్కుల జాబితా చూసి ఎవరూ రాయలేరు.

లేఖ విషయంలో, నేలపాడు హైకోర్టులో ముఖపరిచయం మాత్రమే ఉన్న పెద్దవారి కన్నా మీ సీనియర్ గారే నయం. ఏ కేసులో మీరు డ్రాఫ్టు రాశారు, ఏ సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేశారు, తీర్పులో ఏ వాదన నిలిచింది అన్నవి ఒక కాగితం మీద రాసి వారికివ్వండి. లేఖ మాత్రం వారి మాటల్లోనే ఉండనివ్వండి. రెండవ లేఖ మీకు పాఠం చెప్పిన అధ్యాపకుల నుంచి తీసుకోండి.

జవాబు (మరొక న్యాయవాది, విజయవాడ)

స్కాలర్‌షిప్ గురించి ఒక హెచ్చరిక. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల పని అనుభవం, అంటే 2,800 గంటలు కావాలి. అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌ ఫెలోషిప్‌కు మూడేళ్లు. అనుభవం మీకు ఉంది. కానీ ఈ రెండూ తిరిగి వచ్చి ఇక్కడ పనిచేసేవారి కోసం ఉద్దేశించినవి. చీవ్‌నింగ్ తీసుకున్నవారు చదువు ముగిశాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అక్కడే ప్రాక్టీసు చేయాలన్న మీ ఉద్దేశానికి ఇది నేరుగా అడ్డుపడుతుంది కనుక, ఏది ముఖ్యమో ముందే తేల్చుకోండి. అమెరికాలోని చాలా లా స్కూళ్లు ఎల్‌శాక్ (లా స్కూలు దరఖాస్తులను సేకరించి పంపే సంస్థ) ద్వారా పత్రాలు తీసుకుంటాయి, ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల అధికారిక పత్రం) మాత్రం విశ్వవిద్యాలయం నుంచే నేరుగా వెళ్లాలి. ట్రాన్స్‌క్రిప్ట్ కోసం దరఖాస్తు ఇప్పుడే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో మాట్లాడాను. తిరిగి వచ్చి ఇక్కడి భూసేకరణ కేసులే వాదించాలని నిర్ణయించుకున్నాను కనుక, చీవ్‌నింగ్‌కే సిద్ధమవుతాను. ట్రాన్స్‌క్రిప్ట్ కోసం సోమవారం విశ్వవిద్యాలయం ఉన్న నాగార్జున నగర్ వెళ్తున్నాను. మార్కుల జాబితాల జిరాక్స్ కాపీలతో పాటు అక్కడ ఇంకేమి అడుగుతారో ఈమధ్య తీసుకున్నవారెవరైనా చెప్పగలరా?