అప్‌డేట్: లెడ్ జెప్లిన్ మూడో ఆల్బమ్ విన్నాను

బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ మొదటి రెండు ఆల్బమ్‌ల బరువైన బ్లూస్ రాక్ నచ్చిన నాకు, 1970లో వచ్చిన మూడోది కూడా నచ్చుతుందా అని ఇక్కడ అడిగాను. "రికార్డు రెండో వైపు నుంచి మొదలుపెట్టు" అన్నారు చాలామంది. అలాగే విన్నాను. చాలా థ్యాంక్స్ అండీ!

'గ్యాలోస్ పోల్' పాత జానపద గీతం. నెమ్మదిగా గిటార్‌తో మొదలై, మాండొలిన్, బాంజో, డ్రమ్స్ ఒక్కొక్కటీ చేరి, చివరికి ఊపిరాడనంత వేగం అందుకుంటుంది. ఇంత హోరు అకూస్టిక్ (కరెంటు అక్కర్లేని) వాయిద్యాలతో పుట్టడం నాకు భలే ఆశ్చర్యం. వేల్స్‌లో కరెంటు లేని బ్రాన్-యర్-ఆర్ కాటేజీలో గిటారిస్ట్ పేజ్, గాయకుడు ప్లాంట్ కొన్నాళ్లు గడిపారని చదివాక, ఈ పాటల్లో అంత ఖాళీ ఎందుకు వినిపిస్తుందో అర్థమైంది.

అలాగని బ్లూస్‌ను వదల్లేదు. 'సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ' పాటలో కీబోర్డ్ వాయించే జోన్స్ ఆర్గాన్ మీద పేజ్ సోలో ఏడిపించింది. హెడ్‌ఫోన్స్‌లో డ్రమ్మర్ బోనమ్ డ్రమ్ పెడల్ కిర్రుమనడం కూడా వినిపిస్తుంది, గమనించండి.

'ఫ్రెండ్స్' పాట గురించి మాత్రం అందరూ తక్కువగా చెప్పారు. నాకు అన్నిటికంటే అదే నచ్చింది. ఆ స్ట్రింగ్స్‌లో మన సంగీతపు ఛాయ ఉంది. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వచ్చి, ఇక్కడి వాద్యకారులతో ఇదే పాట మళ్లీ రికార్డు చేశారు. అది 2015లో విడుదలైంది, తప్పకుండా వినండి.

ఇక నాలుగో ఆల్బమ్ మొదలుపెడుతున్నాను.